పక్క బోగీలో మా ఆయన

విజయవాడలో రైలెక్కింది మొదలు చీరాల దాటేదాకా నాకు ఇద్దరు మొగుళ్ళు. ఒకాయన రెడ్డిగూడెంలో మామిడి పూతకి మందు కొట్టించుకుంటున్నాడు. రెండో ఆయన పక్క బోగీలో సైడ్ లోయర్ బెర్తు మీద పడుకుని ఉన్నాడు. ఈ రెండో ఆయన్ని పుట్టించింది నేనే. పుట్టించిన కాసేపటికే పదిమంది ఎదుట ఆయన లేడని ఒప్పుకోవలసి వచ్చింది. అరుణాచలం వెళ్ళొచ్చానని మా స్టాఫ్‌రూంలో అందరికీ విభూది, లడ్డూ పంచాను కానీ ఈ సంగతి మాత్రం పంచలేదు.

నేను తెలుగు టీచర్ని. ఏటా మార్చి 8న ఆడపిల్లల చేత మహిళా సాధికారత మీద వ్యాసం రాయించడం, బాగా రాసినవాళ్ళకి పెన్నులు పంచడం నా డ్యూటీ. ‘నేటి స్త్రీ ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి రాగలదు’ అన్న వాక్యం ఏ పిల్ల కాగితంలో కనిపించినా పక్కన ఎర్ర పెన్నుతో ‘బాగుంది’ అని రాసేదాన్ని. అలా రాసిన మనిషి యాభై ఏళ్ళు వచ్చేదాకా మైలవరం దాటి ఒక్కతే వెళ్ళి ఎరగదు. పెళ్ళికి ముందు నాన్న, తర్వాత ఆయన, ఆయనకి కుదరకపోతే తమ్ముడు, వాడికీ కుదరకపోతే ప్రయాణమే మానుకోవడం. బడికి కూడా మా ఆయనే బండి మీద దించి వెళ్ళేవాడు. పైగా అదేదో ఘనకార్యమైనట్టు, ‘నేను ఇంతవరకూ ఒంటరిగా బస్సెక్కలేదండీ’ అని నలుగురిలో చెప్పుకునేదాన్ని. విన్నవాళ్ళు ‘అదృష్టవంతురాలివమ్మా’ అనేవాళ్ళు. నేనూ అదే అనుకునేదాన్ని.

మాది మామిడి ఊరు. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాత ఎన్టీఆర్ జిల్లా, తిరువూరు డివిజను. ఇటు మైలవరం, అటు విస్సన్నపేట, మధ్యలో బంగినపల్లి, రసాలు, కలెక్టరు తోటలు. కాయ దిగే రోజుల్లో తెల్లవారుజామున ఆటోలు వచ్చి ఆడకూలీల్ని తోటలకి తీసుకుపోతాయి. చీకట్లో రోడ్డు మీద ఒక్కత్తే నిలబడి, క్యారేజీ చంకన పెట్టుకుని, తెలియని డ్రైవరు ఆటో ఎక్కే ఆడమనిషిని మా వరండాలోంచి చూసి ‘పాపం’ అనుకునేదాన్ని. ఆమె చేస్తున్నదాన్నే వ్యాసాల్లో సాహసం అని రాయిస్తున్నానన్న స్పృహ నాకు లేదు. రీల్స్‌లో ఎవరో అమ్మాయి బ్యాగు తగిలించుకుని లడఖ్ వెళ్తే అది ఒంటరి ప్రయాణం. మా వీధి మనిషి చీకటితో కూనపరాజుపర్వ తోటకి వెళ్తే అది పొట్టకూటి కోసం. ఇలా ఉండేది నా లెక్క.

అరుణాచలం పిచ్చి ఈమధ్య మన తెలుగువాళ్ళకి ఎంత పట్టుకుందో చెప్పనక్కర్లేదు. మా బళ్ళో సగం మంది గిరిప్రదక్షిణ చేసి వచ్చారు. నన్నూ రమ్మన్నప్పుడల్లా మా ఆయనతో కలిసి వస్తానని దాటేశాను. మాఘ పౌర్ణమికి వెళ్దామని ఈయన్ని అడిగితే, పూత నిలబడే సమయంలో తోట వదిలి ఎలా వస్తాననుకున్నావు అన్నాడు. నిజమే. తేనెమంచు పురుగు, తామర పురుగు పౌర్ణములు చూసుకుని రావు. ‘నువ్వెళ్ళిరా’ అన్నాడు. ‘ఒక్కదాన్నా?’ అన్నాను. ‘రైలు తోలేది నువ్వు కాదుగా’ అన్నాడు. రోషం వచ్చింది. టికెట్ తీయించేశాను.

తర్వాత మొదలైంది నా సన్నాహం. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి పల్లకీ, బోయీలు, బలగంతో కదిలాడు. ఆయన దారిలో దొంగల గురించి కూడా ఇంత ఆలోచించి ఉండడు. ఇరుగమ్మ పొరుగమ్మల సలహా మీద కారప్పొడి పొట్లం కట్టాను. జాకెట్టుకి పిన్నీసులు వరసగా గుచ్చుకున్నాను. పీఈటీ సారును అడిగి విజిలు తెచ్చుకున్నాను. గాజులు, గొలుసు తీసి బీరువాలో పెట్టి వన్‌గ్రామ్ గోల్డ్ వేసుకున్నాను. అది అసలు బంగారం కన్నా ఎక్కువ మెరుస్తుందని తట్టలేదు. ఉన్న డబ్బంతా ఒకే గుడ్డ పర్సులో పెట్టి బొడ్లో దోపుకున్నాను. దాంతో టీ తాగాలన్నా మరుగు వెతుక్కోవలసిన స్థితి తెచ్చుకున్నాను. ఫోన్లో 2020 నాటి దిశ యాప్ ఉంది, 2025 మార్చి 8న వచ్చిన శక్తి యాప్ ఉంది. మొదటిది ఆ రోజుల్లో అందరి చేతా వేయించారు, రెండోది నేనే వేసుకున్నాను. రెండింటినీ ఒక్కసారి తెరిచి చూసిన పాపాన పోలేదు. బొమ్మ ఫోన్లో ఉంటే చాలు, దొంగలకి అదే కనిపిస్తుందనుకున్నాను కాబోలు.

ఇన్ని జాగ్రత్తలూ పడి, బయల్దేరేముందు వాట్సాప్ స్టేటస్‌లో రైలు టికెట్ ఫొటో పెట్టాను. బోగీ, బెర్తు, పీఎన్ఆర్, అన్నీ చదువుకునేంత స్పష్టంగా. పైన ‘సింగిల్‌గా అరుణాచలం!’ అని రాసి రెండు దండాల బొమ్మలు. నా ఫోన్లో ఉన్నవాళ్ళలో పాత విద్యార్థుల తండ్రులు, గ్యాస్ కుర్రాడు, మామిడి దళారులు, ఒకప్పుడు ఫ్రిజ్ బాగుచేసిన మనిషి, అందరికీ ఆ రాత్రి నేనెక్కడ పడుకుంటానో తెలిసిపోయింది. తెలియనిదల్లా నా పక్క బెర్తువాళ్ళకే.

బస్సులోనే మొదటి దెబ్బ తగిలింది. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్ళకి టికెట్ డబ్బు లేదు. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టి ఇస్తారు. నేను ఆధార్‌ని భద్రంగా ఉండాలని కారప్పొడి ఉన్న అరలోనే పెట్టాను. మైలవరం రోడ్డు గతుకులకి పొట్లం విప్పుకుంది. కండక్టరమ్మ కార్డు అందుకుని, పేరు చూద్దామని దగ్గర పెట్టుకుని, వరసగా తుమ్మడం మొదలెట్టింది. నా ముందు సీటు, వెనక సీటు కూడా అందుకున్నాయి. ‘ఏంటమ్మా, ఆధార్‌ని ఆవకాయ పెట్టావా?’ అంది కళ్ళు తుడుచుకుంటూ. నా కళ్ళూ మండుతున్నాయి. కారప్పొడి గురించి ఆ రోజు తెలిసింది ఇదే: అది ముందు పట్టుకున్నవాళ్ళ కంట్లోనే పడుతుంది.

రైలు రాత్రికి. నేను చీకటి పడకుండానే స్టేషన్‌లో ఉండాలని మధ్యాహ్నమే వెళ్ళి కూర్చున్నాను. కూర్చున్నంతసేపూ ఇంటికి వీడియో కాల్, లైవ్ లొకేషన్, స్టేటస్. బ్యాటరీ కరిగిపోతోందని చూసుకోలేదు.

బండి శేషాద్రి ఎక్స్‌ప్రెస్. కాకినాడ నుంచి బెంగుళూరు వెళ్తుంది. తెల్లారేసరికి కాట్పాడిలో దించుతుంది. గోదావరి జిల్లాల వాళ్ళు వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్ళేదీ ఎక్కువగా ఇలాంటి బళ్ళలోనే. అందుకని స్లీపర్ బోగీ నిండా మందుల కవర్లు, ఎక్స్‌రే సంచులు, పులిహోర వాసన. నా బెర్తు కిందది. ఎదురు కింద బెర్తులో డెబ్భై ఏళ్ళుంటాయేమో, ఒక పెద్దావిడ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

బండి కదలకముందే ఖాకీ బట్టల్లో ఒక రైల్వే పోలీసు అమ్మాయి వచ్చింది. మా అమ్మాయి ఈడు ఉంటుంది. చేతిలో కాగితం. ‘మేడమ్, ఒక్కరే వెళ్తున్నారా?’ అని అడిగింది.

నాలో ఇన్నేళ్ళుగా పెరిగిన భయమంతా ఒక్కసారి తెలివి అనుకుని పైకి లేచింది. ఆడది ఒంటరిదని ఎవరికీ తెలియకూడదు కదా. ‘లేదమ్మా, మా వారు పక్క బోగీలో ఉన్నారు’ అన్నాను. ఆ అమ్మాయి సరేనని తల ఊపి, ఎదురుగా పెద్దావిడని అడిగింది. ఆవిడ ‘అవునమ్మా, ఒక్కదాన్నే, కాట్పాడిలో దిగుతాను’ అని బెర్తు నంబరుతో సహా చెప్పింది. పిల్ల రాసుకుని, ఏదైనా ఇబ్బందైతే 139కి ఫోన్ చెయ్యమని చెప్పి ముందుకు పోయింది.

అదేమిటో నాకు తర్వాత తెలిసింది. దాని పేరు ‘మేరీ సహేలీ’. 2020లో రైల్వే రక్షక దళం మొదలెట్టింది. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళని బండిలో పలకరించి, బోగీ, బెర్తు నంబర్లు రాసుకుని, దారిలో వచ్చే స్టేషన్ల వాళ్ళకి కబురు పెడతారు. అక్కడివాళ్ళు వచ్చి చూసి పోతుంటారు. అంటే నా కోసమే జీతమిచ్చి పెట్టిన మనిషి, నా దగ్గరికే వచ్చి, నన్నే అడిగితే, నేను ఆమెకి అబద్ధం చెప్పి పంపించాను. ఊరందరికీ స్టేటస్‌లో నిజం చెప్పాను.

అక్కడితో ఆగినా బాగుండేది. అబద్ధానికి కాళ్ళు లేవంటారు గానీ, రైల్లో దానికి చక్రాలుంటాయి. పై బెర్తు కుర్రాడు నా మాట విన్నాడు. అతని భార్యకి ఎస్-5లో బెర్తు వచ్చిందట, నెలల పిల్లతో ఉందట. ‘ఆంటీ, అంకుల్ ఎస్-5లోనే ఉన్నారుగా, మీరు అక్కడికి వెళ్తే మా ఆవిడ ఇక్కడికి వస్తుంది, మీకూ అంకుల్ దగ్గర ఉన్నట్టుంటుంది’ అన్నాడు. ఎంత మంచి ఆలోచన. చుట్టుపక్కల అందరూ బాగుందన్నారు. నేను మాత్రం, ఆయనకి నిద్ర తేలిక, లేపకూడదు అన్నాను. ‘నేను మెల్లిగా మాట్లాడతాలెండి, బెర్తు నంబరెంత?’ అన్నాడు. నోటికొచ్చిన అంకె, ఇరవై మూడు, అనేశాను. సైడ్ లోయర్. కుర్రాడు లేచి వెళ్ళాడు. పెద్దావిడ ‘వచ్చేటప్పుడు ఆయన్ని కూడా తీసుకురా నాయనా, నా సంచి బెర్తు కిందకి తోయాలి’ అని కేక పెట్టింది.

తిరిగొచ్చి, ‘ఆంటీ, అక్కడ ఎవరో ఇంజనీరింగ్ స్టూడెంట్ పడుకుని ఉన్నాడు’ అన్నాడు.

అప్పుడే టీటీఈ వచ్చారు. కుర్రాడు అమాయకంగా సంగతంతా ఆయన ముందు పెట్టాడు. ఆయన చేతిలో యంత్రం చూసి, నన్ను చూసి, చాలా మర్యాదగా అన్నారు: ‘అమ్మా, మీ టికెట్ మీద మీరొక్కరే. ఈ కింద బెర్తు కోటా నలభై అయిదు దాటిన ఆడవాళ్ళు ఒంటరిగా గానీ ఇద్దరుగా గానీ వెళ్తుంటే కూడా ఇస్తారు. ఒంటరిగా వెళ్తున్నారనే మీకు ఇది వచ్చింది.’

ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది. టీటీఈ ఇంకెవరినో ఒప్పించి ఆ తల్లీబిడ్డని మా బేలోకి తెప్పించారు. నేను కిటికీ వైపు తిరిగి చీకట్లో చీరాల చూస్తున్నట్టు కూర్చున్నాను. కాసేపటికి పెద్దావిడ, ‘ఏవమ్మా, పోయాడా మీ ఆయన?’ అంది. ఇక ఆపుకోలేక ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఆవిడది కోనసీమ. ముప్పై దాటాక కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి, పిల్లల పెళ్ళిళ్ళు చేసి తిరిగొచ్చిన మనిషి. మొదటిసారి విమానమెక్కినప్పుడు మంచినీళ్ళు ఎలా అడగాలో తెలియక దాహంతోనే దిగిందట. ‘దిగాక ముందు నేర్చుకున్నది నీళ్ళు అడగటమే’ అంది. పాస్‌పోర్టు అక్కడ యజమాని తీసి పెట్టుకుంటాడని ఊళ్ళో ముందే వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారట. అందుకని దాని నంబరు, మన రాయబార కార్యాలయం ఫోన్ నంబరు వెళ్ళకముందే కంఠతా పట్టింది. చదువుకుంది మూడో తరగతి. ఆ పాస్‌పోర్టు నంబరు ఇప్పటికీ చెప్పగలదు, నాకు చెప్పి చూపించింది. మన కోనసీమలో, కడప జిల్లాలో ఇలా గల్ఫ్ దారి పట్టిన ఆడవాళ్ళు ఎందరో. వాళ్ళని ఒంటరి యాత్రికులని ఏ పత్రిక రాయగా నేను చూడలేదు. నేనూ పిల్లల చేత రాయించలేదు.

ఆవిడ సంచి సర్దుకున్న తీరు దగ్గరగా చూశాను. డబ్బు మూడు చోట్ల: చేతి పర్సులో ఆ పూట ఖర్చుకి చిల్లర, బట్టల మడతల్లో కొంత, ఒంటి మీద కొంత. పర్సు పోతే పోయేది చిల్లరే. పాత ఎల్ఐసీ డైరీ ఒకటి. అందులో పెద్దపెద్ద అంకెలతో కొడుకు, కూతురు, వేలూరులో దిగే సత్రం, డాక్టరు గది నంబరు. టికెట్ కాగితం మీద ప్రింటు తీయించి డైరీలో పెట్టింది. ఫోన్ బటన్లది. ‘వారానికోసారి చార్జింగ్ పెడితే చాలు’ అంది. అలాంటి ఫోన్లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే, స్మార్ట్‌ఫోన్ అయితే పక్క బటన్ గబగబా మూడుసార్లు నొక్కితే, అత్యవసర కాల్ వెళ్ళేలా ఫోన్లు తయారుచేయాలని 2016లో కేంద్రం చెప్పింది. 2017 నుంచి దేశంలో అమ్మే ఫోన్లకి అది నియమం. నేను నా యాప్‌ల గురించి గొప్పగా చెప్పబోతే, ‘తమిళనాడులో పనికొస్తాయా అవి?’ అని అడిగింది. అవి మన రాష్ట్ర పోలీసులవి. 112 అయితే ఏ రాష్ట్రంలోనైనా ఒకటే. అది నాకు తెలుసు. అయినా ఆవిడ అడిగేదాకా గుర్తు రాలేదు.

ఒంటరిదానివని అలా చెప్పేశారేంటి పిన్నిగారూ అని అడిగాను. ‘ఖాకీ బట్టలవాళ్ళకి, టీసీకి చెప్పాలమ్మా, వాళ్ళకి తెలిస్తేనేగా చూసేది. కబుర్లు చెప్పేవాడికి ఎందుకు చెప్పడం? ఎక్కడ దిగుతావు, ఎవరింటికెళ్తావు అని వాడడిగితే ఏదో ఒకటి చెప్పు. లేకపోతే నిద్రొస్తోందని పడుకో’ అంది. తను అలాగే పడుకుంది కూడా.

నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మాయి గుర్తొస్తూనే ఉంది.

దానికి 2019 చివర్లో పుణెలో ఉద్యోగం వచ్చింది. నవంబరు 27న శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన అత్యాచారం, హత్య గురించి టీవీలో రాత్రీ పగలూ చూశాను. దేశమంతా ఏడ్చింది. నేను ఏడ్చి ఊరుకోలేదు. ఆ ఉద్యోగానికి వెళ్తే నేను బతకనని అన్నం మానేశాను. పిల్ల వాదించింది, బతిమాలింది, ఊరుకుంది. ఆఫర్ లెటర్ వదులుకుంది. మూడు నెలలకి లాక్‌డౌన్ వచ్చింది. ‘చూశావా, వెళ్ళి ఉంటే అక్కడ ఇరుక్కుపోయేదానివి’ అని, అదేదో నాకు ముందే తెలిసినట్టు దానితో అన్నాను కూడా. ఇప్పుడు విజయవాడలో దానికి నచ్చని పని చేసుకుంటోంది. నాతో బాగానే ఉంటుంది. పుణె మాట ఎప్పుడూ ఎత్తదు.

ప్రమాదం అంటే ఊరి పొలిమేర దాటాక మొదలయ్యేదని నా నమ్మకం. 2022 జాతీయ నేర గణాంకాల్లో మహిళల మీద నమోదైన నేరాల పట్టికలో అన్నిటికన్నా పై వరస ‘భర్త లేదా అతని బంధువుల క్రూరత్వం’. మొత్తంలో 31.4 శాతం. రైలు కాదు, బస్సు కాదు, ఇల్లు. నేను రక్షణ కోసం పక్క బోగీలో కల్పించుకున్నది ఆ పట్టికలో మొదట ఉన్న బంధుత్వాన్ని. మా ఆయన మంచివాడే, అది వేరే సంగతి. బయట ఏమీ జరగదని నేననను, జరుగుతుందని శంషాబాద్ చెప్పనే చెప్పింది. కానీ ఇంట్లో ఉంటే క్షేమం అని నేను మా పిల్లకి ఇచ్చిన హామీకి ఆధారం ఏమిటో ఆ రాత్రి ఎంత వెతికినా దొరకలేదు.

ఇదంతా కొత్త సంగతీ కాదు. 1870ల్లోనే పోతం జానకమ్మ మద్రాసు నుంచి ఓడెక్కి ఇంగ్లండు చూసొచ్చి తెలుగులో యాత్ర రాసింది. దాని ఇంగ్లీషు పుస్తకం 1876లో అచ్చయింది. భర్తతోనే వెళ్ళింది లెండి. కానీ సముద్రం దాటడమే తప్పనుకునే రోజుల్లో వెళ్ళింది, చూసినదాన్ని తన కళ్ళతో చూసి రాసింది. నేను భర్త లేకుండా వెళ్ళి, లేని భర్తని చూసుకుంటూ సగం ప్రయాణం గడిపాను.

కాట్పాడిలో దిగేసరికి ఫోన్ చచ్చిపోయింది. లాడ్జి పేరు అందులోనే, అది ఖాయమైందో లేదో అందులోనే, నంబర్లన్నీ అందులోనే. పిన్నిగారు ‘ఇంటికి చెయ్యమ్మా’ అని తన ఫోన్ ఇచ్చింది. మా ఆయన నంబరు నాకు రాదు. పదో తరగతి పిల్లలకి పద్యాలు అప్పజెప్పించే మనిషిని, కట్టుకున్నవాడి ఫోన్ నంబరులో మొదటి నాలుగంకెల దగ్గర ఆగిపోయాను. ఆవిడ ఏమీ అనలేదు. డైరీలోంచి కాగితం చింపి తన నంబరు రాసిచ్చి, చార్జింగ్ పెట్టుకోమని టీకొట్టు చూపించి, వేలూరు బస్సెక్కి వెళ్ళిపోయింది.

అరుణాచలం ఉన్న ఊరు తిరువణ్ణామలైలో నిజమే చెప్పాలని ఒట్టు పెట్టుకున్నాను. నిజం చెప్పిన మొదటి చోటే గది దొరకలేదు. ‘సింగిల్ లేడీస్‌కి ఇవ్వం మేడమ్’ అన్నాడు గుమస్తా. ఆన్‌లైన్‌లో నేను చేశాననుకున్న బుకింగ్ అసలు పూర్తే కాలేదట, అది నా పొరపాటు. కానీ గది ఖాళీ ఉంది. తాళం చెవి వాడి వెనక కొక్కేనికి వేలాడుతోంది. ఆడమనిషికి ఒంటరిగా గది ఇవ్వకూడదన్న చట్టమేదీ ఈ దేశంలో లేదు. పుణ్యక్షేత్రాల్లో చాలాచోట్ల వాడుక మాత్రం ఉంది. ఆధార్ చూపించాను, టీచర్ ఐడీ కార్డు చూపించాను. ‘మీ సార్‌తో ఒకసారి మాట్లాడించండి’ అన్నాడు. పక్క బోగీ ఆయన అప్పుడుంటే ఎంత ఉపయోగపడేవాడు!

ఫోన్ కలిపాను. మా ఆయన అవతల స్ప్రేయరు మోతలో ‘ఆఁ, మా ఆవిడే, గదివ్వండి’ అని అరిచాడు. తాళం చేతికొచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఆత్మగౌరవం ఉన్న మనిషైతే ఆ తాళం వాడి మొహాన కొట్టి ఇంకో చోటు వెతుక్కునేది. నాకు కాళ్ళు పీకుతున్నాయి, స్నానం చేయాలి. పుచ్చుకున్నాను. ఇది తలచుకుంటే రైల్లో జరిగినదానికన్నా సిగ్గుగా ఉంటుంది.

ఆ రాత్రి ప్రదక్షిణలో పద్నాలుగు కిలోమీటర్లూ చేతిసంచిని రెండు చేతులా గుండెకి అదుముకునే నడిచాను. ఇంద్రలింగం నుంచి ఈశాన్యలింగం దాకా ఎనిమిదీ దర్శనం చేసుకున్నాను గానీ, కొండని మాత్రం చాలాసేపటిదాకా చూడలేదు. సంచినే చూశాను. అందులో ఉన్నది నీళ్ళ సీసా, తువ్వాలు, మిగిలిన కారప్పొడి. రోడ్డంతా తెలుగే. కర్నూలువాళ్ళు, వరంగల్‌వాళ్ళు, పిల్లల్ని భుజాన వేసుకున్నవాళ్ళు. నా ముందు ఒక అమ్మాయి ఒక్కతే చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవరినీ పట్టించుకోకుండా నడుస్తోంది. నాలా సంచిని కౌగలించుకోలేదు. అడగొచ్చా వద్దా అనుకుని, ‘ఒక్కదానివేనా అమ్మా?’ అన్నాను. ‘అవునండీ, మీరు?’ అంది. ‘నేనూ ఒక్కదాన్నే’ అన్నాను. యాభై ఏళ్ళలో ఆ మాట ఒక తెలియని మనిషితో అనడం అదే మొదలు. కుబేరలింగం దాకా ఇద్దరం కలిసి, ఎక్కువ మాట్లాడుకోకుండా నడిచాం.

మర్నాడు రమణాశ్రమం వెళ్ళాను. 1950లో బెజవాడ వదిలి ఈ ఊరొచ్చి, 1979లో ఇక్కడే పోయాడు చలం. ఆడవాళ్ళ స్వేచ్ఛ గురించి అంతగా రాసిన మనిషి పుస్తకాలు మా నాన్న ఇంట్లోకి రానివ్వలేదు. తెలుగు పండిట్ ట్రైనింగ్‌లో కూడా నేను పాఠం కోసం చదివానే తప్ప నా కోసం చదవలేదు.

తిరుగు ప్రయాణంలో ఖాకీ బట్టల అమ్మాయి ఎవరైనా వస్తుందేమోనని కాట్పాడి నుంచే సిద్ధంగా కూర్చున్నాను, బోగీ నంబరు, బెర్తు నంబరు ఒక కాగితం మీద రాసుకుని. ఎవరూ రాలేదు. అన్ని బళ్ళలో, అన్ని స్టేషన్లలో రారు కదా. అప్పుడు టీటీఈ వస్తే నేనే చెప్పాను, ఒక్కదాన్నే వెళ్తున్నానని. ఆయన ‘సరేనమ్మా’ అని వెళ్ళిపోయారు. అంతే. ఇంకేమీ జరగలేదు.

ఆ మధ్య రైల్వే నియమాలు తిరగేస్తుంటే ఇంకో సంగతి కనిపించింది. 1989 రైల్వే చట్టం 139వ సెక్షను ప్రకారం, మగతోడు లేని ఆడమనిషి దగ్గర టికెట్ లేకపోయినా సరే, ఆమెని ఎక్కడపడితే అక్కడ దించేయకూడదు. ఎక్కిన స్టేషన్లోనో, జంక్షన్లోనో, బండి ఆఖరి స్టేషన్లోనో, జిల్లా కేంద్రంలోనో, అదీ పగటిపూట మాత్రమే దించాలి. సహాయం కోసం చేసే ఫోన్ నంబరూ 139, సెక్షనూ 139. గుర్తుపెట్టుకోవడానికి తేలిక. మా తొమ్మిదో తరగతి ఆడపిల్లల చేత ఇదీ, 112, మరి రెండు ఇంటి నంబర్లూ కంఠతా పట్టించాను. పద్యాల కన్నా తొందరగా పట్టేశారు. మా ఆయన నంబరు నాకూ ఇప్పుడు వచ్చు. పిన్నిగారి కాగితం బీరువాలో బంగారం పక్కన పెట్టాను. మొన్న ఫోన్ చేస్తే, ‘పక్క బోగీ ఆయన కులాసానా?’ అని అడిగింది.

మా అమ్మాయికి మాత్రం ఇవేవీ చెప్పలేదు. క్షమించమని అడగడానికి సరైన రోజు కోసం చూస్తున్నానని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఈమధ్య అదే ఫోన్ చేసి, స్నేహితురాలి పెళ్ళికి ఒక్కతే పుణె వెళ్తున్నానంది. అడగడానికి కాదు, చెప్పడానికి చేసింది. ‘టికెట్ ప్రింటు తీసుకో, డబ్బు మూడు చోట్ల పెట్టుకో, స్టేటస్ పెట్టకు’ అన్నాను. కాసేపు అవతల మాట లేదు. తర్వాత ‘సరేనమ్మా’ అంది.

ఆడపిల్లని ఒంటరిగా పంపాలా వద్దా అని నన్ను సలహా అడిగే తల్లులు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. నేను టీచర్ని కాబట్టి నాకు తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే: పిల్ల సంగతి తర్వాత, ముందు మీరు ఒక్కరే విజయవాడ దాకా వెళ్ళి రండి. బస్సుకి టికెట్ డబ్బు కూడా అక్కర్లేదు, ఆధార్ ఉంటే చాలు.